అడుగున ఉండే తల్లి

కదిషా అపా రెండో రోజు కూడా టీ వద్దంది.

ఆ ఇంట్లో ఇంతకంటే పెద్ద ప్రమాద సూచన ఇంకోటి లేదు. భర్త పోయిన రోజున కూడా ఆవిడ పాలు పోసిన టీ తాగింది, పరామర్శకొచ్చిన వాళ్లందరి చేతా తాగించింది. పెద్దపేగులో ఉన్న గడ్డ కేన్సరేనని డాక్టరు చెప్పిన రోజున రెండు గిన్నెలు ఎక్కువే పట్టించింది. అలాంటి మనిషి, ఇంటిల్లిపాదీ సంతోషించాల్సిన కబురు విని మంచమెక్కింది.

కబురు సోమవారం వచ్చింది. అపా జబ్బు పుట్టుకతో వచ్చిన లోపం వల్లనేనని రక్తపరీక్షలో తేలాక, పిల్లలిద్దరూ భయం భయంగా రక్తం ఇచ్చారు. ఆ లోపం కూతురు మర్జాన్‌కి రాలేదు. కొడుకు ఎల్దోస్‌కీ రాలేదు. మర్జాన్ ఫోన్లో గంటసేపు ఏడ్చింది. ఎల్దోస్ ఆ సంతోషంలో భార్యను ఎత్తి గిర్రున తిప్పబోయి నడుం పట్టేయించుకున్నాడు. ఇంట్లో అందరూ అపా, అంటే అమ్మ, అని పిలిచే ఆవిడ మాత్రం "మంచిది" అని ఒక్క మాట అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇవాళ బుధవారం. శుక్రవారం ఆపరేషన్. ఒక్క కాగితం మీద సంతకం అడిగితే, పెట్టనంది. అంతటితో ఆగకుండా, ఆ కాగితం సంగతి తేలేదాకా ఆసుపత్రి గడప తొక్కనని కూడా చెప్పింది.

అది పెద్ద కాగితమేమీ కాదు. ఆసుపత్రిలో ఇవ్వడానికి కోడలు జదిరా స్వయంగా గీసిన వంశపటం. మగవాళ్లకి చదరాలు, ఆడవాళ్లకి సున్నాలు, మధ్యలో గీతలు. అడుగున ఒక్క వాక్యం ఉంది. నాకు పుట్టిన పిల్లలందరూ ఇందులో ఉన్నారు, అని.

"ఇందులో ఏం తప్పు రాశావో చెప్పమను," అన్నాడు ఎల్దోస్ భార్యతో, నడుం మీద చెయ్యేసుకుని. "కడుపు కోయడానికి ఒప్పుకునే కాగితం మీద చదవకుండా గీకేసింది. దీన్ని మాత్రం కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదివింది."

"చదివి నా చేతిలో పెట్టేసింది. తప్పు లేదంది. సంతకం మాత్రం పెట్టనంది."

"నువ్వడుగు. నీకైతే చెబుతుంది. నేను కన్నకొడుకుని మాత్రమేగా."

ఆ మాటలో కొంచెం అసూయ, చాలా గర్వం ఉన్నాయి. అతను తల్లి గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడి, గట్టిగా నాలుగు మాటలు అని, వాటికి తనే బాధపడి, ఆఫీసుకు వెళ్లిపోయాడు. అతని అరుపులు ముందు గదిలో పడుకున్న పెద్దావిడ దాకా వినిపించాయి.

ఆ పెద్దావిడ బిబిష్, కదిషాకి తోటికోడలు. ఎనభై నాలుగేళ్లు. ఆపరేషన్‌కి ముందు చెల్లెలిలాంటి కదిషాని చూసుకోవాలని నిన్న సాయంత్రమే తమ ఊరు కెగెన్ నుంచి వచ్చింది. కొడుకు తొలెగెన్ ఆమెను వ్యాన్లో తీసుకొచ్చాడు, చలికాలానికి కోసిన గుర్రం మాంసంలో ఈ ఇంటి వాటా కూడా తెచ్చాడు. పొద్దున్నే లేచి బండికి మంచు టైర్లు వేయించుకోవడానికి వెళ్లాడు.

జదిరా అడగలేదు. పదిహేడేళ్లుగా ఈ అత్తగారిని చూస్తున్న మనిషి. అడిగితే ఆవిడ చెప్పదని తెలుసు.

వంటింట్లోకి వెళ్లి, మాంసం కూరి వండుకోవడానికి తొలెగెన్ తెచ్చిన గుర్రం లావు పేగును పెద్ద బేసిన్‌లో వేసింది. అపా గది తలుపు బార్లా తెరిచి, సరిగ్గా ఆవిడకు కనబడేచోట పీట వేసుకుని కూర్చుంది. పేగు తిరగెయ్యకుండానే కత్తితో బరబరా గీకడం మొదలుపెట్టింది.

నాలుగు నిమిషాలు ఓపిక పట్టింది అపా. ఐదో నిమిషంలో మంచం కిర్రుమంది.

"చింపుతున్నావు," అంది గుమ్మంలో నిలబడి.

"లేదపా. శుభ్రం చేస్తున్నాను."

"కత్తి వీపుతో గీకాలి. ముందు ఉప్పునీళ్లలో నానబెట్టాలి. పదిహేడేళ్లలో ఇదా నువ్వు నేర్చుకుంది? జరుగు."

జదిరా జరిగింది. అపా చేతులు మోచేతి దాకా మడుచుకుని కూర్చుని, పేగు అంచు రెండు వేళ్లతో పట్టుకుని, చొక్కా చెయ్యి తిరగేసినంత సులువుగా తిరగేసింది. లోపలి మెత్తటి పొర పైకొచ్చింది. నాలుగు కిలోమీటర్ల అవతల ఒక పరిశోధనశాలలో జదిరా బతుకంతా ఆ పొరతోనే. మనిషి పేగు కణాలను గాజు గిన్నెల్లో పెంచి, అవి ఎప్పుడు బుద్ధిగా ఉంటాయో ఎప్పుడు పాడవుతాయో చూడటం ఆమె ఉద్యోగం. అపా దీన్ని పొరుగువాళ్లకి చెప్పే తీరు వేరు. మా కోడలు పేగులు నాటుతుంది, పొద్దున్నే పోయి మేత వేస్తుంది, అంటుంది.

పరీక్షకి తీసిన తన గడ్డలో ముక్కను కూడా అపాయే కోడలికి ఇప్పించింది. ఎలాగూ పారేసేదేగా, నీ గిన్నెలో వేసుకో, అంది. ఆ గిన్నె గురించి జదిరా ఇంట్లో చెప్పని సంగతి ఒకటుంది. మంచి కణాలకీ అపా కణాలకీ వేసే మేతలో, విభజించుకోమని చెప్పే పదార్థం ఒకటి కలుపుతారు. దాన్ని ఆపేస్తే మంచి కణాలు వారంలో ఆరిపోయాయి. అపావి ఆరలేదు. పిలిచేవాళ్లు లేకపోయినా పిలుపు విన్నట్టు పెరుగుతూనే ఉన్నాయి. అలాంటివి జదిరా వందల గిన్నెల్లో చూసింది. ఈ గిన్నె ముందు మాత్రం కూర్చుని ఏడ్చింది.

ఇద్దరూ కత్తి వీపుతో గీకారు.

"ఒక్కో బిడ్డకీ సగం సగం అవకాశం అన్నావు కదూ," అంది అపా, తలెత్తకుండా. "నాణెం ఎగరేసినట్టు."

"అవునపా."

"రెండుసార్లూ మంచివైపే పడింది. అంటే మూడోసారి చెడ్డవైపే పడి ఉంటుంది. ఎక్కడో ఒకచోట పడాలిగా."

"అలా ఏం లేదపా. ముందు ఏం పడిందో నాణేనికి తెలియదు. మూడోసారి కూడా సగం సగమే." చెబుతూనే జదిరా ఆగిపోయింది. "మూడోసారి ఏమిటి?"

అపా చేతిలో కత్తి మాత్రం ఆగలేదు.

"ఈ జబ్బు ఏ వయసులో బయటపడుతుంది?"

"మీ రకం నెమ్మది. నలభై దాటాక ఎప్పుడైనా."

"నలభై ఆరంటే?"

ముందు గదిలో బిబిష్ దగ్గిన శబ్దం వినిపించింది. జదిరా లేచి వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఇంట్లో నలభై ఆరేళ్ల మనిషి ఒక్కరే ఉన్నారు. ప్రస్తుతం టైర్లు వేయించుకుంటున్నారు.

అపా ఎక్కువ చెప్పలేదు, ఏడవలేదు కూడా. బిబిష్‌కి వరసగా ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోది నిలవదని ఊళ్లో మంత్రసాని తేల్చేసింది. అదే శీతాకాలంలో కదిషాకి తొలిచూలు మగబిడ్డ. బావగారు, అంటే బిబిష్ భర్త, వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆ బిడ్డను తమకిమ్మని తమ్ముడిని అడిగాడు. తమ్ముడు కాదనలేదు. కాదనేదే లేదు ఆ రోజుల్లో. నలభై రోజులు పాలిచ్చి, నలభై ఒకటో రోజున కొత్త దుప్పట్లో చుట్టి బిబిష్ ఒళ్లో పెట్టింది. రొట్టె మీద చెయ్యి వేసి మాటిచ్చింది, ఈ బిడ్డను నోటితో కాదు, కంటిచూపుతో కూడా అడగనని. తర్వాత మర్జాన్ పుట్టింది, ఎల్దోస్ పుట్టాడు. తొలెగెన్ ఆవిడను చిన్నపా అని పిలుస్తూ పెరిగాడు.

"ఎల్దోస్‌కి తెలుసా?"

"వాడికెందుకు తెలుస్తుంది? మర్జాన్‌కీ తెలియదు. తెలిసిన నలుగురిలో ఇద్దరు మట్టిలో ఉన్నారు."

"మరి తొలెగెన్ ఆగాకి?" భర్తకి అన్న వరసైన వాళ్లని ఆమె ఆగా అనే పిలుస్తుంది.

"వాడు బిబిష్ కొడుకు. వాడికి తెలియాల్సిందేముంది?"

జదిరాకి కోపం వచ్చింది. అత్తగారి మీద ఆమెకు కోపం రావడం ఈ పదిహేడేళ్లలో చాలాసార్లు జరిగింది గాని, పైకి చూపించడం ఇదే మొదలు. "నలభై ఆరేళ్లు మోసిన మాట రెండు రోజులు టీ మానేస్తే దిగిపోతుందా అపా? ఆయన్ని ఇవాళే పరీక్షకి పంపాలి. గొట్టం వేసి చూడాలి. ఇప్పుడే పట్టుకుంటే చిన్న చిన్న బుడిపెలుగా ఉండగానే తీసేస్తారు. ఆలస్యమైతే మీకు జరిగిందే ఆయనకీ జరుగుతుంది. నేను చెబుతాను. మీరు చెప్పక్కర్లేదు."

లేవబోయిన కోడలి మణికట్టును అపా పట్టుకుంది. చెయ్యి చల్లగా, ఉప్పుగా ఉంది.

"ఆ మాట చెప్పే నోరు నాది కాదు, నీది కాదు. బిబిష్‌ది. ఆవిడ చెప్పమంటే చెబుదాం. ఆవిడకి ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. భర్త లేడు, వేరే పిల్లలు లేరు. ఉన్నది వాడొక్కడే. వెళ్లి వాడు నీ కొడుకు కాదని నేను చెప్పనా?" ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించింది. "చెప్పకపోతే వాడు పోతాడేమో. చెబితే ఆవిడ పోతుంది. రెండు రోజులుగా ఇదే లెక్క వేసి చూస్తున్నాను. నాకు తేలలేదు, నీకేమైనా తేలుతుందేమోనని చెప్పాను. నీ చుట్టూ తిరిగి నీ పీడంతా నేనే తీసుకుంటాను తల్లీ, నా మీద అరవకు."

జదిరా కూర్చుంది. పరిశోధనశాలలో అన్నిటికీ సమాధానం తెలిసిన మనిషి, అత్తగారి తడిచేతిని ఒళ్లోకి తీసుకుంది.

తలుపు తోసుకుని బిబిష్ వచ్చింది. కర్ర గోడకి ఆనించి, ఎవరూ రమ్మనకుండానే పీట లాక్కుని, పేగు రెండో కొస పట్టుకుంది.

"ఇద్దరూ ఇంత నెమ్మదిగా గీకితే వచ్చే శీతాకాలానికి అవుతుంది," అంది.

ముగ్గురూ పని చేశారు. బిబిష్ చూపు చెల్లెలి ముఖం మీద ఆగింది, అక్కడి నుంచి కోడలి ముఖం మీదికి పోయింది. తర్వాత ఆవిడ చేతులు తుడుచుకుంది.

"ఎల్దోస్ పొద్దున దేని గురించి అరిచాడో ఆ కాగితం ఏదీ?"

జదిరా అపా వైపు చూసింది. అపా బేసిన్‌లోకి చూసింది. చివరికి జదిరా లేచి కాగితం తెచ్చి ఇచ్చింది. బిబిష్ దాన్ని కంటికి దూరంగా పట్టుకుని, ఒక్కో గుర్తు మీద వేలు పెట్టి ఇదెవరు, ఇదెవరు అని అడిగింది. కదిషా సున్నా దగ్గర వేలు ఆగింది. అక్కడ నుంచి కిందికి దిగే గీతలను లెక్కపెట్టింది.

"ఇద్దరే ఉన్నారు," అంది.

కాగితం దించి తోటికోడలి వైపు తిరిగింది.

"కదిషా, నీకొచ్చిన జబ్బు అంటుకునేదా?"

"అంటుకునేది కాదక్కా." అపా చెప్పాల్సింది ఇంకొకటని తెలిసీ, చెప్పగలిగింది చెప్పింది. "పేగు లోపల కంటికి కనబడనన్ని గుంటలుంటాయిట. ఒక్కో గుంట అడుగున తల్లికణాలు ఉంటాయిట. అవి అక్కడి నుంచి కదలవు. పిల్లల్ని కంటూ పైకి పంపుతుంటాయి. ఆ పిల్లలు నాలుగైదు రోజులు పనిచేసి రాలిపోతాయి, వెనకాల కొత్తవి వస్తాయి. అడుగున పక్కనుండే కణాలు ఆ తల్లులకి, కను కను అని చెబుతూ ఉంటాయిట. పైకి పోయినవాటికి ఆ మాట వినబడదు, అందుకని అవి కనడం మానేసి పనిలో పడతాయి."

"బాగుంది. మన కోడళ్లలాగే," అంది బిబిష్.

"ప్రతి కణంలోనూ ఒక కాపలావాడుంటాడు. బయట నుంచి పిలుపు రానప్పుడు, లోపల కనమనే సందేశాన్ని ఎప్పటికప్పుడు చంపేస్తుంటాడు. ఒక్కో కణంలో ఇద్దరిద్దరు కాపలావాళ్లు. నాకు పుట్టుకతోనే ఒకడు లేడు. ఎప్పుడో ఒక తల్లికణంలో రెండోవాడు కూడా పోయాడు. ఇంక దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కంటూనే ఉంది. పైనున్న కణమైతే రాలిపోయేది. తల్లి కదా, రాలదు." ఆగింది. "ఆ కాపలావాడు లేకపోవడం కడుపున పుట్టినవాళ్లకి రావచ్చుట. సగం సగం."

బిబిష్ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత జదిరా వైపు తిరిగింది.

"కణం ఏమవుతుందో పక్కవాళ్ల మాటను బట్టేనా?"

"చాలావరకు అంతే పెద్దపా."

"అయితే వాడి పక్కన ఉన్నది నేను. నడక నేర్పింది నేను. వాడికి మశూచి టీకా వేసిన రోజు జ్వరం వస్తే తెల్లవార్లూ ఎత్తుకుని తిరిగింది నేను. వాడు మంచివాడయ్యాడంటే నా మాట వల్లే."

"మీ వల్లే పెద్దపా." జదిరా పెద్దావిడ దగ్గరగా జరిగింది. "ఆయన మంచితనమంతా మీదే. కాని కాపలావాడు పుట్టకముందే ఉంటాడు, లేదా ఉండడు. మీరు ఎంత చెప్పినా వాణ్ణి తెప్పించలేరు."

కదిషా అప్పుడు ఏడ్చింది. రెండు రోజులుగా లేని ఏడుపు, చేతులు ఉప్పునీళ్లతో ఉండటంతో కళ్లు తుడుచుకోవడానికి కూడా లేకుండా ఏడ్చింది. "నేను అడగలేదక్కా," అంది. "రొట్టె సాక్షిగా, ఒక్కసారి కూడా కళ్లతో అడగలేదు."

"నాకు తెలియదా," అంది బిబిష్. తన గౌను అంచుతో చెల్లెలి కళ్లు ఒత్తింది. "వాడి పెళ్లిలో నువ్వు వంటింట్లోంచి బయటికి రాలేదు. ఎందుకో నాకు తెలియదా."

కాగితాన్ని బల్ల మీద పరిచి, జదిరా చేతికి పెన్ను ఇచ్చింది. "చదరం గీయి. కదిషా కింద, అందరికంటే ముందు."

జదిరా గీసింది. తొలెగెన్ పేరు రాసింది.

"నా నుంచి కూడా ఒక గీత రావాలి వాడికి."

"వస్తుంది పెద్దపా. పెంచిన తల్లికి చుక్కల గీత పెడతాం."

"చుక్కలెందుకు?"

"అది నియమం. చూసే డాక్టరుకి తేడా తెలియాలని."

"మీ నియమం వాణ్ణి ఎత్తుకుని తిరిగిందా? నిండుగా గీయి."

జదిరా ఒక్క క్షణం ఆలోచించి, తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి వంశపటంలో తప్పు గీత గీసింది. డాక్టరుకి తర్వాత చెప్పుకోవచ్చు. కదిషా వేళ్లు తుడుచుకుని పెన్ను అందుకుని, సంతకం పెట్టింది.

"వాడికి నేనే చెబుతాను," అంది బిబిష్. "మీరిద్దరూ మధ్యలో రావద్దు."

ఆ మాట పూర్తవుతుండగానే వీధి తలుపు చప్పుడైంది. తొలెగెన్ బూట్లు విప్పి, ఎర్రబడ్డ చెవులు రుద్దుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. పెద్ద మనిషి, నెమ్మదైన మనిషి. టైర్ల దుకాణంలో మూడు గంటలు నిలబెట్టారని చెప్పబోయి, ముగ్గురి ముఖాలూ చూసి ఆగిపోయాడు. బల్ల మీద కాగితం చూశాడు. అందులో తన పేరు ఎక్కడుందో చూశాడు.

"కూర్చో ఒంటెకూనా," అంది బిబిష్, అతని చిన్నప్పటి ముద్దుపేరుతో. "నీకొక మాట చెప్పాలి."

అతను కూర్చోలేదు. వంగి, బిబిష్ ముందున్న కాగితాన్ని మెల్లగా తీసి బోర్లా పెట్టేశాడు.

"చెప్పొద్దపా. నాకు తెలుసు. పన్నెండేళ్లప్పుడు నేను చిన్నపా కొడుకునని గొడవలో ఒకడు ముఖం మీదే అన్నాడు. ఇంటికొచ్చి నిన్ను చూశాను. నువ్వు నాకోసం రొట్టె కాలుస్తున్నావు. ఇంక అడగాలనిపించలేదు."

కదిషా కళ్లెత్తి, నలభై ఆరేళ్లలో మొదటిసారి అతన్ని తిన్నగా చూసింది. అతను కూడా చూశాడు, చూసి కొంచెం నవ్వాడు.

జదిరా ఆ నవ్వును పట్టించుకోలేదు. అతను ఎంత చిక్కిపోయాడో, బెల్టుకి కొత్తగా పొడిచిన రెండు కన్నాలు ఏమిటో ఆమె ఇప్పుడే చూసింది. నిన్న సాయంత్రం నుంచి ఇంట్లో తిరుగుతున్న మనిషిని ఇప్పుడే చూసింది.

"ఆగా," అంది. "కడుపులో ఎలా ఉంటోంది?"

అతను తటపటాయించాడు. ఆడవాళ్ల ముందు చెప్పే మాట కాదు. కాని అడుగుతున్నది పేగుల మీదే పరిశోధన చేసే మరదలు.

"ఏప్రిల్ నుంచి రక్తం పడుతోంది," అన్నాడు. "మా ఊరి ఆసుపత్రికి వెళ్లాను. మొలలన్నారు, మందు రాసిచ్చారు."

"ఏప్రిల్ నుంచా? మీ ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బు ఉందా అని అడగలేదా వాళ్లు?"

"అడిగారు." తొలెగెన్ బిబిష్ భుజం మీద చెయ్యి వేశాడు. "మా అపా నా పక్కనే కూర్చుని ఉంది. మీ అమ్మకి ఇలాంటిదేమైనా ఉందా అని డాక్టరు అడిగాడు. మా అమ్మకి ఏ జబ్బూ లేదని రాయించాను. నిజమే కదా, అపా?"

బిబిష్ ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. కదిషా వైపు చూసింది.

"కాదు నాన్నా," అంది. "మీ అమ్మకి ఉంది."